ఒక్క వేలు పట్టేంత

పసిపిల్లని కార్లో కట్టే సీటు మీద మోకాలు ఆనించి ఒంట్లో ఉన్న బరువంతా వేసి నొక్కాలి, నొక్కిపట్టి ఉంచుతూనే చేత్తో బెల్టు లాగాలి, లేకపోతే ఎంతసేపు లాగినా అది వదులుగానే ఉంటుంది, నేను లాగుతూనే ఉన్నాను, చెమట ముక్కు మీదుగా జారి సీటు గుడ్డ మీద పడుతోంది, రాజమండ్రి ఆస్పత్రి గేటు దగ్గర టాక్సీ పక్కన నిలబడి డ్రైవరు బంగార్రాజు నేనేదో గారడీ చేస్తున్నట్టు చూస్తున్నాడు. బెల్టు దొరకడానికే పావుగంట పట్టింది. ఇండికా వెనక సీటు కవరు కింద, అట్టకట్టిన దుమ్ములో, వేరుశెనగ తొక్కలూ రెండు తలపిన్నులూ ఎవరిదో పాత బస్సు టిక్కెట్టూ, వాటి మధ్య పడుకుని ఉంది పాపం, బండి కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా వెలుగు చూసినట్టు లేదు. "ఈ బండికి ఎనకమాల బెల్టు ఉందనే నాకు తెలీదండి అమ్మగారూ," అన్నాడతను, మెచ్చుకోలుగానే. ఉంటుంది బాబూ, ఉంటుంది, అన్నీ ఉంటాయి, వాటితో పని పడేదాకా ఎవరూ చూడరు. ఇవాళ దానితో పని పడింది. ఇవాళ మా చెల్లెలు ప్రసన్న కన్న పిల్ల నా పిల్లయి నాతో చాగల్లు వస్తోంది.

"అదేంటే, సీటుని ఎనక్కి తిప్పి పెట్టావు?" అంది మా అమ్మ సూరమ్మ ఆస్పత్రి మెట్ల మీద నుంచే. "పసిదాన్ని మొదటిసారి ఇంటికి తీసుకెళ్తా ఎనక్కి తిప్పి కూచోబెడతారా ఎవరన్నా? రోడ్డు చూస్తా వెళ్ళాలిగానీ." అమ్మకి జవాబు చెప్పేటప్పుడు నా గొంతులోకి ఒక టీచరమ్మ వచ్చి కూర్చుంటుంది, నాకూ తెలుసు, ఆపుకోలేను. చెప్పాను. పసిపిల్లకి ఒంట్లో అన్నిటికంటే బరువు తల, అన్నిటికంటే లేత మెడ, బండి సడన్ బ్రేకు వేస్తే ముందుకి తిరిగి ఉన్న పిల్ల తల ఒక్కసారిగా విసురుకుపోతుంది, వెనక్కి తిరిగి ఉంటే ఆ విసురంతా సీటే కాసుకుంటుంది, ఒళ్ళో పెట్టుకుంటానంటావేమో, ఎంత బలమున్న తల్లి చేతులైనా ఆ దెబ్బకి ఆగవు. ఈ మాటలు ఏడు నెలల నుంచీ వీళ్ళకి చెప్తూనే ఉన్నాను. అమ్మ వినలేదు, ఎప్పుడూ వినదు. మెట్ల పక్క గోడకి ఆనుకుని నిలబడ్డ ప్రసన్న మాత్రం కుట్ల మీద చెయ్యి వేసుకుని, తల వంచుకుని, "అక్క చెప్పినట్టే ఉండనీ అమ్మా, అక్కకి తెలుసు," అంది. ఆ మాటకి నా మనసు ఎంత పొంగిపోయిందో. ఎంత పిచ్చిదాన్నో, పొంగిపోయాను.

నాకు తెలుసు, నిజమే. పదకొండేళ్ళు కువైట్లో ఒకరింట్లో పిల్లల్ని పెంచి తెలుసుకున్నాను. మేడం మూడో బిడ్డతో నెలలు నిండి ఉన్నప్పుడు అక్కడి ఆస్పత్రిలో ఒక పూట క్లాసు పెడితే తనతోపాటు నన్నూ తీసుకెళ్ళింది, రేపు పిల్లని కార్లో కట్టేది తను కాదు కదా, నేను. మేడం క్లాసు జరిగినంతసేపూ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ కూర్చుంది. కేరళ నర్సు ఒకామె ప్లాస్టిక్ బొమ్మని సీట్లో పడుకోబెట్టి, భుజాల మీదుగా బెల్టులు దించి, కాళ్ళ మధ్య బకిల్ టక్కుమనిపించి, గుండె మీద క్లిప్పు సరిగ్గా చంకల ఎత్తున ఉండాలని చూపించి, ఆఖర్న భుజం ఎముక దగ్గర బెల్టు కింద తన చూపుడు వేలు దూర్చి నా కళ్ళలోకి చూసింది. "వన్ ఫింగర్. టూ ఫింగర్, నో." ఒక్క వేలు పట్టాలి, రెండో వేలికి చోటుండకూడదు. గడ్డం గుండెకి ఆనకూడదు, ఆనితే ఊపిరాడదు, అందుకని సీటు కొంచెం వెనక్కి వాలి ఉండాలి. నా చేత ఐదుసార్లు చేయించింది, నాలుగుసార్లు తప్పన్నది, ఐదోసారి నా వీపు తట్టింది. నేను పుట్టాక నాకు ఒక పనిని అంత శ్రద్ధగా నేర్పినవాళ్ళు ఇంకొకరు లేరు. ఆ తర్వాత పుట్టింది నూరా. మూడేళ్ళు, రోజుకి నాలుగుసార్లు, ఆ పిల్ల భుజం ఎముక దగ్గర నా చూపుడు వేలు. నిద్రలో కూడా ఆ వేలు వంగి ఉండేది.

ఈ సీటు నూరాదే. పైన పిడి ఉంటుంది, పిల్లతో సహా బుట్ట పట్టుకున్నట్టు పట్టుకుపోవచ్చు. నూరా పెద్దదయ్యాక మేడం దాన్ని పారేయబోతుంటే నేనడిగి తీసుకున్నాను, నీకెందుకు అన్నట్టు చూసింది, నవ్వింది, తీసుకో అంది. జనవరిలో కువైట్ పని మానేసి వచ్చేసేటప్పుడు దుప్పట్లో మూటకట్టి తెచ్చాను. చాగల్లులో మా వీధి అంతా వచ్చి చూశారు. మా ఎదురింటి పాపాయి అయితే పొట్ట పట్టుకుని నవ్వింది, "కారూ లేదు, పిల్లా లేదు, సీటు మాత్రం తెచ్చుకున్నావు ప్రిస్కిల్లా," అని. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, పెళ్ళైన నాలుగేళ్ళలో రెండు కాన్పులు పోయి, రెండోదాంతో గర్భసంచి కూడా తీసేస్తే, ఆ ఇంట్లో గోడలు చూస్తూ ఉండలేకే కదా నేను ఆ దేశం పోయింది. ఆ సీటు తెచ్చుకోవడానికి కారణం నాకూ చెప్పడం రాదు. నా చేతులకి వచ్చిన పనిముట్టు అది, వదిలి రాబుద్ధి కాలేదు. మా ఆయన ఏమీ అనకుండా దాన్ని అటక మీద పెట్టాడు, పెట్టే ముందు దుమ్ము పడకుండా పాత లుంగీ కప్పాడు. మా ఆయన మంచివాడు. ఎరువుల కొట్లో గుమస్తా, గట్టిగా మాట్లాడడు, ఎవరికీ కాదని చెప్పలేడు.

ఫిబ్రవరిలో అమ్మ వంటింట్లో, పొయ్యి ముందు కూర్చుని ప్రసన్న ఏడ్చింది. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు, మళ్ళీ నెల తప్పింది, తీయించేసుకుంటానంది. నేను గిన్నెలు తోముతున్నదాన్ని బూడిద చేతులతోనే వచ్చి దాని ముందు కూలబడ్డాను. తీయించుకోవద్దే, కని నాకివ్వు, అన్నాను. ఎలా అనగలిగానో, ఆ మాట అంతకుముందు నా మనసులో కూడా ఎప్పుడూ పూర్తిగా అనుకోలేదు. అది నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, నా బూడిద చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "దేవుడి సాక్షిగా అక్కా. ఆడైనా మగైనా ఇది నీదే. కడుపు మాత్రమే నాది." ఈ మాటలు నేను కల్పించలేదు. అమ్మ విన్నది. దాని మొగుడు జీవరాజు సాయంత్రం వచ్చి, "మీకన్నా బాగా ఎవరు పెంచుతారండి వదినగారూ," అన్నాడు. ఆ రాత్రే మా ఆయన అటక మీంచి సీటు దించాడు. కుంకుడు రసంలో గుడ్డలు ఉతికి మూడు రోజులు ఎండలో వేశాను, నూరా తిన్న బిస్కెట్ల పొడి కుట్లలోంచి రాలింది, దాన్ని మాత్రం ఊరికే ఊడ్చెయ్యలేకపోయాను. చెకప్పులకి ప్రతిసారీ నేనే ప్రసన్న వెంట వచ్చాను. మగపిల్లాడు పుడితే వీళ్ళ మనసు మారుతుందేమోనని ఆడపిల్లే పుట్టాలని మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేశాను. ఆడపిల్లే పుట్టింది. దేవుడు నా మాట విన్నాడనుకున్నాను.

అమ్మ పిల్లని తెచ్చి నా చేతికిచ్చింది. ఏడు రోజుల పిల్ల. రెండు గుడ్డల్లో చుట్టి, పైన ఉన్ని శాలువా, తలకి పసుపు టోపీ, చెవుల్లో దూది, ఏదో మంచుకొండల మీదికి పంపుతున్నట్టు, బయట చూస్తే సెప్టెంబరు ఎండ కాల్చేస్తోంది. ఇంత చుట్టి బెల్టు పెడితే బెల్టు గుడ్డల్ని పట్టుకుంటుందిగానీ పిల్లని పట్టుకోదు. ముందు విప్పాలి, ఒంటికి ఆనేలా కట్టాలి, కావాలంటే గుడ్డ పైన కప్పాలి. ఒక్కొక్కటీ విప్పుతుంటే అమ్మ గొణుగుతూనే ఉంది. శాలువా తీశాను, తెల్ల గుడ్డ తీశాను, పువ్వుల గుడ్డ తీశాను, లోపల పిల్ల ఒంటి మీద నేను కుట్టిన గౌను లేదు. ప్రసన్న పెద్దకూతురి పాత గౌను ఉంది, మెడ దగ్గర నీలం దారంతో అతుకు వేసింది. నేను కుట్టిన తెల్లగౌను పొద్దున్నే ఇచ్చాను కదా, తడిపేసి ఉంటుందిలే అనుకున్నాను. అనుకున్నానుగానీ చేతులు ఒక్క క్షణం ఆగాయి. చేతులకి ముందు తెలుస్తుంది. పిల్ల నడుము సీటు అడుగుకి ఆనేలా కూర్చోబెట్టాను, అరచేతి అంత లేని భుజాల మీదుగా బెల్టులు దించాను, బకిల్ టక్కుమంది, క్లిప్పు చంకల ఎత్తుకి జరిపాను, కొస పట్టుకుని లాగాను, భుజం ఎముక దగ్గర చూపుడు వేలు పెట్టాను. ఒక్క వేలు. పిల్ల ఆవులించింది, ఆ ఆవులింత గాలి నా మణికట్టుకి తగిలింది, పాల వాసన. నేను దానికి మనసులోనే ఒక పేరు పెట్టుకుని ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

బండి కదిలింది. ముందు సీట్లో బంగార్రాజు పక్కన అమ్మ, వెనక కుడివైపు కిటికీ పక్కన పిల్ల, మధ్యలో నేను, ఎడమవైపు ప్రసన్న. జీవరాజు లేడు, ఇల్లు సర్దాలని మోటారుసైకిలు మీద ముందెళ్ళిపోయాడట. ఎవరిల్లు సర్దడానికి అని నేనెందుకు అడగలేదు? మా ఇంట్లో సర్దడానికి ఏముంది, ఊయల నిన్ననే కట్టాం, పాస్టరుగారిని ఐదింటికి ప్రార్థనకి రమ్మన్నాం, పాయసానికి పాలు చెప్పాను. పిల్ల సామాను విడిగా ఒక సంచిలో సర్దమని మొన్నటి నుంచీ చెప్తున్నాను, డబ్బా పాలు, సీసాలు, గుడ్డలు, కానీ అన్నీ ప్రసన్న సంచిలోనే కుక్కి ఉన్నాయి, డబ్బా పాలు అసలు కనబడలేదు. అమ్మ పొద్దుట్నుంచీ నా కళ్ళలోకి చూడలేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పి ఉంటే అలాగే ఉంటుందనుకున్నాను. ఎన్ని అనుకున్నానో. సందులో గేదె అడ్డం వచ్చి బంగార్రాజు బ్రేకు వేశాడు, అమ్మ చెయ్యి డాష్‌బోర్డుకి కొట్టుకుంది, ప్రసన్న నొప్పితో మూలిగింది, నేను ముందు సీటుకి గుద్దుకున్నాను, పిల్ల మాత్రం కదల్లేదు. కళ్ళు కూడా తెరవలేదు. చూశావా, అన్నాను ప్రసన్నతో, గర్వంగా. అది చూసింది. సీటుని కాదు, నన్ను చూసింది, దాని కళ్ళలో నీళ్ళున్నాయి. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను.

గోదారి వంతెన ఎక్కాం. వరద నీరు ఇంకా ఎర్రగానే ఉంది, లంకల్లో తుమ్మచెట్ల తలలు మాత్రమే బయటికున్నాయి. కింద రైలు వెళ్తోంది, పైన రోడ్డంతా సన్నగా వణుకుతోంది, ఆ వణుకు పిల్ల బుగ్గల మీద కనబడుతోంది. నాలుగు కిలోమీటర్ల వంతెన, పదకొండేళ్ళ క్రితం ఈ వంతెన మీదే బస్సులో ఇటు నుంచి అటు ఏడుస్తూ వెళ్ళాను, జనవరిలో దుప్పటి మూట ఒళ్ళో పెట్టుకుని అటు నుంచి ఇటు వచ్చాను, ఇప్పుడు దాంట్లో పిల్ల ఉంది, ఇంతకన్నా దేవుణ్ణి ఏమడుగుతాను అనుకుంటుండగా బంగార్రాజు అద్దంలోంచి నా వైపు చూస్తూ, "కొవ్వూరు దిగాక ఎటండి అమ్మగారూ?" అన్నాడు. నేను నోరు తెరిచాను. చాగల్లు అనే మాట నాలిక మీదికి వచ్చేసింది. అమ్మ ముందే మాట్లాడింది, తల తిప్పకుండా, నీళ్ళవైపు చూస్తూ. "తాళ్లపూడి వైపు పోనియ్ బాబూ. పెద్దమ్మాయిని సెంటర్లో దింపేసి."

తాళ్లపూడి ప్రసన్న అత్తగారి ఊరు. కొవ్వూరు సెంటర్లో రోడ్లు చీలతాయి, నిడదవోలు వైపు తిరిగితే మా చాగల్లు, గోదారి గట్టు వెంట పోలవరం వైపు తిరిగితే తాళ్లపూడి. అమ్మకి వయసు మీద పడి కలగాపులగం అయిపోయిందనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. "ముందు చాగల్లు కదమ్మా, నన్నూ పిల్లనీ దింపాక కదా మీరెళ్ళేది," అన్నాను. వంతెన అతుకుల మీద చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేస్తున్నాయి. "అక్కా," అంది ప్రసన్న. ఆ ఒక్క మాటలో ఉన్న నంగితనం, చిన్నప్పుడు నా పలక పగలగొట్టి వచ్చి ఇలాగే అక్కా అనేది. "నావల్ల కావట్లేదక్కా. ఇద్దామనే అనుకున్నాను, ఒట్టు, పుట్టేదాకా అలాగే అనుకున్నాను. పాలు పట్టాక నావల్ల కాలేదు." నేను పిల్ల వైపే చూస్తున్నాను. గౌను మెడ దగ్గర నీలం దారం అతుకు. తడిపింది కాదు, అసలు తొడగలేదు. "ఎప్పుడనుకున్నారు?" అన్నాను. "మూడోరోజే," అంది అమ్మ ముందు సీట్లోంచి, పోనీలే అదీ అయిపోయింది అన్నట్టు. "దానికి ఆపరేషను కూడా అయిపోయింది, ఇదే ఆఖరిది, కన్నతల్లి కదే, నువ్వు పెద్దదానివి, సర్దుకోవాలి."

మూడోరోజు. మూడోరోజు నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. ప్రసన్నకి పథ్యం కూర వండి క్యారేజీలో తెచ్చాను, దాని తల దువ్వాను, పిల్ల ముడ్డి గుడ్డలు ఉతికి కిటికీ ఊచలకి ఆరేశాను, అన్నిటికీ మెత్తగా నవ్వుతూ నా చేత చేయించుకున్నారు. నాలుగో రోజూ, ఐదో రోజూ, ఆరో రోజూ. "బావకి నిన్న ఫోన్ చేసి చెప్పాం అక్కా," అంది ప్రసన్న, అదేదో నాకు ఊరటగా ఉంటుందన్నట్టు, "నీకు తనే చెప్తానన్నాడు." అప్పుడు తగిలింది అసలు దెబ్బ. పొద్దున్న నేను సీటు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పెట్టినవే విప్పి మళ్ళీ పెట్టుకుంటూ, "ఆ సీటు తీసుకెళ్ళాలా?" అన్నాడు. "దాని కోసమే కదండీ ఇన్నాళ్ళూ," అన్నాను నవ్వుతూ. "సరే, జాగ్రత్త," అన్నాడు. జాగ్రత్త! పన్నెండు గంటలు ఆ మాట కడుపులో పెట్టుకుని నా పక్కన పడుకుని, లేచి, నేను పోసిన కాఫీ తాగి, జాగ్రత్త అన్నాడు. రాత్రి ఊయల తాడు ముడి సరిగా పడలేదంటే లేచి మళ్ళీ గట్టిగా కట్టాడు కూడా. ఏమనుకుంటూ కట్టాడు? మంచివాడని చెప్పాను కదా. ఇలాంటి మంచివాళ్ళ చేతుల్లో పడకూడదు మనిషి.

"మరి నన్నెందుకు రమ్మన్నారే?" అన్నాను. అరవాలని ఉంది, పిల్ల నిద్రలో ఉందని గొంతు లేవలేదు, అది కూడా నా అలవాటే, ఎవరి పిల్లయినా నిద్రపోతుంటే నా గొంతు లేవదు. ప్రసన్న కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది అబద్ధం చెప్పినా బాగుండేది. "నువ్వే చెప్పావు కదక్కా, బ్రేకేస్తే తల్లి చేతులు ఆగవని. అప్పట్నుంచీ నాకు అదే భయం. దీన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంత దూరం వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. సీటు కట్టడం నీకు తప్ప ఎవరికీ రాదు. ముందే చెప్తే నువ్వు రావేమోనని." అదీ సంగతి. పిల్ల భద్రంగా నా దగ్గర్నుంచి వెళ్ళిపోవడానికి కావలసిన ముడి నా చేతే వేయించారు. నా సీటులో, నా మోకాలి బరువుతో, నా వేలి కొలతతో. అంతకన్నా ఆ నర్సమ్మ నాకు ఏమీ నేర్పకుండా ఉంటే బాగుండేది. పిడి నా మోచేతికి తగులుతూనే ఉంది. ఇది నా వస్తువు. బెల్టులోంచి తప్పించి, పిడి పట్టుకుని, పిల్లతో సహా దిగిపోతే? ఎవరు ఆపుతారు, కుట్లతో ఉన్నదా, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మా? ఈ ఆలోచన వచ్చిందని దాచుకోను. వచ్చింది, వంతెన దిగేదాకా నాతోనే ఉంది.

నూరా గుర్తొచ్చింది. మూడేళ్ళు నిండిన పిల్ల, అప్పటికి ముందుకి తిరిగే పెద్ద సీట్లోకి మారింది. వాళ్ళమ్మనీ నన్నూ ఇద్దర్నీ మామా అనేది, వాళ్ళ భాషలో అమ్మా అని, అదే నేను చేసిన తప్పు, ఆ పిలుపుకి పలకడం. నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్ళే రోజు కూడా దాన్ని నేనే కట్టాను, మేడం ముందే చెప్పింది, పిల్ల ముందు ఏడవకూడదని, బజారుకెళ్తున్నట్టు దిగిపోవాలని. దిగాను. కారు వెళ్ళిపోతుంటే నూరా తల అటూ ఇటూ తిప్పడం వెనక అద్దంలోంచి చూశాను, సీటు ముందుకి తిరిగి ఉంది, బెల్టు గట్టిగా ఉంది, ఎంత తిప్పినా నేను కనపడను. అంత బాగా కట్టాను. నా పిల్లలందర్నీ నేనే కట్టి, నేనే సరిచూసి, ఇంకొకళ్ళ వెంట పంపిస్తూ వచ్చాను. ఇప్పటిదాకా అది ఉద్యోగం. ఇది కూడా అదేనని నాకెవరూ చెప్పలేదు.

కొవ్వూరు సెంటర్లో బండి ఆగింది. అమ్మ నీళ్ళు నమిలింది, "పురిటి స్నానం రోజున రావే," అంది. కుడివైపు తలుపు పిల్ల సీటుతో మూసుకుపోయింది కనుక ప్రసన్న కష్టపడి దిగితేనే నాకు దారి. అది దిగి, తలుపు పట్టుకుని నిలబడి, "తిట్టక్కా, నాలుగు దెబ్బలన్నా వెయ్యి," అంది. ఏడు రోజుల బాలింతని నడిరోడ్డు మీద కొట్టిన అక్కగా కూడా నన్ను మిగల్చాలా! చేతిసంచి తీసుకుని చాగల్లు బస్సు ఆగే వైపు నడిచాను. పది అడుగులు వేశానో లేదో వెనక పిల్ల లేచింది. ఆకలి ఏడుపు, తెలుస్తుంది, గొంతు చివర వణుకు ఉంటుంది. ప్రసన్న తీసి పాలిస్తుందిలే అనుకుని ఇంకో పది అడుగులు వేశాను. ఏడుపు ఆగలేదు. పెరిగింది. "ఇది రావట్లేదేంటే?" అంటోంది అమ్మ. "అమ్మగారూ, ఇటు లాగండి, కాదండి, కింద నొక్కాలేమో," బంగార్రాజు గొంతు. లాగితే ఇంకా బిగుస్తుంది. ఆ ఎర్రబొత్తాము ఊరికే రాదు, పిల్లలు నొక్కినా రాకుండా చేస్తారు దాన్ని, బొటనవేలి ఎముకంతా పెట్టి నొక్కాలి. నాకు తప్ప ఈ కొవ్వూరు సెంటర్లో ఎవరికీ తెలియదు. కట్టడం నా చేత చేయించుకున్నారుగానీ విప్పడం ఎలాగో అడగడం ఎవరికీ గుర్తు రాలేదు.

నిలబడ్డాను. ఉండండి, అనుకున్నాను. కాసేపు ఉండండి నా ముడిలో. తాళ్లపూడి దాకా అలాగే వెళ్ళండి, జీవరాజు వచ్చి చూడనీ, ఊరంతా వచ్చి చూడనీ. జీవితంలో ఒక్కసారి నా చేతిలో ఏదో ఉంది, నేను కదిలితేనే అది జరుగుతుంది. ఆ సుఖం ఎంతసేపు ఉందో చెప్పలేను, ఎదురుగా పళ్ళబండివాడు అరటిగెల కోసి కిందపెట్టేంత సేపు. "పోనీ కత్తితో కోసేద్దామాండి?" అన్నాడు బంగార్రాజు, "వద్దు వద్దు, పిల్లకి తగుల్తుంది," అంది ప్రసన్న, ఆ తర్వాత అరిచింది, రోడ్డు మీద జనమంతా తిరిగి చూసేలా, "అక్కా!" అని. నేను దాని కోసం వెనక్కి రాలేదు. రాసిపెట్టుకోమనండి, దాని కోసం కాదు. ఏడ్చి ఏడ్చి పిల్ల గడ్డం గుండె మీదికి వాలుతుందేమోనని వచ్చాను.

ప్రసన్న ఎడమ తలుపులోంచి సీటు మీద సగం పడి, కుట్లు లాగుతుంటే పళ్ళు బిగించి, రెండు చేతులతో బకిల్ని పీకుతోంది. దాని చెయ్యి పట్టుకున్నాను. దాని బొటనవేలు తీసుకుని ఎర్రబొత్తాము మీద పెట్టి, పైన నా బొటనవేలు పెట్టాను. "నొక్కు," అన్నాను. "ఇంకా. గట్టిగా. ఊరికే వదలదు అది." టక్కుమంది. "క్లిప్పు రెండు పక్కలా నొక్కి విడదియ్యి. ముందు ఎడమ చెయ్యి బయటికి తియ్యి దానిది. తల కింద చెయ్యి పెట్టు." పెట్టింది. తీసుకుంది. కొంగు కప్పుకుని పాలిచ్చింది, బండి తలుపు దగ్గర నేను ఎండకి అడ్డంగా నిలబడ్డాను, గుటకలు వినిపించాయి. ఖాళీ సీటులో పిల్ల ఒళ్ళు ఆనిన చోట గుడ్డ తడిగా, వెచ్చగా ఉంది, చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఎవరూ చూడలేదు. పాలు తాగాక మళ్ళీ కట్టింది ప్రసన్నే. నేను చెయ్యి వెయ్యలేదు, మాటలతోనే చెప్పాను, నాలుగుసార్లు తప్పన్నాను. ఐదోసారి భుజం ఎముక దగ్గర వేలు పెట్టి చూశాను. ఒక్క వేలు. వీపు తట్టలేదు. "సీటు నీ దగ్గరే ఉంచు," అన్నాను, "ఏడాది దాకా వెనక్కి తిప్పే ఉంచాలి, అమ్మ మాట విని ముందుకి తిప్పావంటే ఊరుకోను." "నన్ను క్షమించావా అక్కా?" అంది. లేదు అన్నాను. ఉన్నమాటే చెప్పాను.

బంగార్రాజు బండి తీశాడు. అమ్మ ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది, ప్రసన్నకి తల తిప్పడానికి మొహం చెల్లలేదు, దాని మెడ వెనక జడ మాత్రం కనబడింది, పొద్దున్న నేను వేసిన జడే. ఐదింటికి పాస్టరుగారు వస్తారు, మా ఆయన కుర్చీ వేస్తాడు, ఊయల ఊరికే ఊగుతూ ఉంటుంది, ఆ మనిషి మొహం నేను చూడాలి. కారు గట్టు రోడ్డు వైపు తిరుగుతుంటే వెనక అద్దంలోంచి పసుపు టోపీ అంచు కనిపించింది. బండిలో ఉన్నవాళ్ళంతా తాళ్లపూడి వైపు చూస్తున్నారు. నా వైపు తిరిగి ఉన్నది అది ఒక్కతే, అలా తిప్పి కూర్చోబెట్టింది నేనే. ఏడు రోజుల పిల్లకి జానెడు దూరం మించి కనపడదని కూడా ఆ కేరళ నర్సే చెప్పింది. అయినా బండి కనుమరుగయ్యేదాకా నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. చెయ్యి ఊపలేదు, ఏడవలేదు. చూపుడు వేలు మాత్రం వంచి పట్టుకునే ఉన్నాను, బెల్టు కిందనుంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే.